"లాజిక్ లేదు" అనేసే ముందు: సైఫై సినిమాల మీద సరిగ్గా వాదించడం ఎలా

మూడేళ్లు నేను ఒకే మాట మీద ఉన్నాను. 2014లో ఇంటర్‌స్టెల్లార్ థియేటర్లో చూసి బయటికొస్తూ మా బావతో ఏమన్నానంటే, ఆ నీళ్ల గ్రహం మీద గంట గడిస్తే భూమ్మీద ఏడేళ్లు అని దిగకముందే తెలుసు కదా, అలాంటప్పుడు పదేళ్ల కిందటే బయల్దేరిన మిల్లర్ అనే సైంటిస్టు అక్కడ దిగి గంటన్నర కూడా అయ్యుండదు కదా, ఇంతమంది సైంటిస్టుల్లో ఒక్కడికీ ఆ సంగతి తట్టలేదా, డైరెక్టర్‌కి కూడా తట్టలేదు, పెద్ద బొక్క బావా ఇది అని. ఆ తర్వాత ఏ పెళ్లికెళ్లినా ఏ రూములో నలుగురు కూర్చున్నా ఇదే వాయించాను.

మూడేళ్ల తర్వాత ఇంట్లో సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తే ఏముంది, ఇంజిన్లోంచి నీళ్లు పోయేదాకా ఆగి ఉన్నప్పుడు బ్రాండ్ అనే సైంటిస్టు స్వయంగా ఆ మాటే చెప్తుంది, ఇక్కడి లెక్కలో మిల్లర్ దిగి కొన్ని గంటలే, చనిపోయి నిమిషాలే అయ్యుంటుంది అని. ఆ డైలాగ్ వచ్చేటప్పుడు నేను హాల్లో లేను. మనవాళ్లు ఇంగ్లీషు సినిమాకి ఇంటర్వెల్ ఎక్కడ పడితే అక్కడ కొట్టేస్తారు, నేను క్యాంటీన్ క్యూలో సమోసా కోసం నిలబడి ఉన్నా. ఆ రోజు నుంచి మా ఇంట్లో సరిగ్గా చూడకుండా చెప్పే ప్రతి థియరీకీ "సమోసా థియరీ" అని పేరు పడిపోయింది.

మీకు ఆ గతి పట్టకూడదనే ఈ గైడ్. కింద చెప్పిన సినిమాల్లో ఏవైనా చూడకపోతే ముందే చెప్తున్నా, అన్నిటి సస్పెన్సూ పోతుంది, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

మొదటి పని: మీ కంప్లయింట్ ఏ రకమో తేల్చుకోండి

"లాజిక్ లేదు" అనే ఒక్క మాటలో మనం నాలుగైదు వేరే వేరే గొడవలు కుక్కేస్తాం, సగం వాదనలు తెగకపోవడానికి అదే కారణం, ఒకడు సైన్స్ గురించి మాట్లాడుతుంటే ఇంకొకడు క్యారెక్టర్ గురించి మాట్లాడుతుంటాడు, ఇద్దరూ ఒకే విషయం మీద కొట్టుకుంటున్నాం అనుకుంటారు.

అసలు లొసుగు అంటే సినిమా తాను పెట్టుకున్న రూల్‌ని తానే తప్పడం. గంట క్రితం కుదరదని చెప్పింది ఇప్పుడు ఏ కారణం లేకుండా కుదిరిపోతే అది లొసుగు. ఇది మీరు అనుకున్నంత ఎక్కువగా దొరకదు.

సైన్స్ తప్పు వేరు. గ్రావిటీలో హీరోయిన్ హబుల్ టెలిస్కోప్ దగ్గర్నుంచి స్పేస్ స్టేషన్‌కి వెళ్లిపోతుంది, నిజానికి హబుల్ దాదాపు 500 కిలోమీటర్ల ఎత్తులో భూమధ్యరేఖకి 28.5 డిగ్రీల వాలులో తిరుగుతుంది, స్పేస్ స్టేషనేమో 400 కిలోమీటర్ల ఎత్తులో 51.6 డిగ్రీల వాలులో. ఎత్తు తేడా చిన్న విషయమే, వాలు మార్చడానికే బోలెడంత ఇంధనం తగలేయాలి, వీపుకి కట్టుకున్న జెట్‌ప్యాక్‌తో అయ్యే పని కాదు. ఇది తప్పే. కానీ కథ ఎక్కడా తనని తాను కాదనలేదు కాబట్టి లొసుగు కాదు. ది మార్షియన్‌లో మొదటి తుఫాను కూడా ఇంతే, అంగారకుడి మీద గాలి ఒత్తిడి మన దగ్గరి దాంట్లో ఒక్క శాతం కూడా ఉండదు, అది రాకెట్‌ని ఏం పడగొడుతుంది, మహా అయితే దుమ్ము లేస్తుంది. ఆ నవల రాసిన ఆండీ వియర్ తెలిసే ఆ తప్పు చేశానని ఒప్పుకున్నాడు, హీరోని అక్కడ ఒంటరిగా వదిలేయాలంటే ప్రకృతే దెబ్బ కొట్టాలి మరి. మొదటి పది నిమిషాల్లో కథ మొదలవడానికి చెప్పే అబద్ధాన్ని నేను ఒకటి వరకు క్షమిస్తాను, క్లైమాక్స్‌లో మాత్రం ఒక్కటి కూడా క్షమించను. ఇది నా రూలు, మీది మీరు పెట్టుకోండి.

మూడోది, సినిమా చెప్పకుండా వదిలేసిన ఖాళీ. వాడు అంతసేపు ఏం తిన్నాడు, ఆ కారు ఎక్కడిది, ఇలాంటివి. నాలుగోది కథ చెప్పడానికి మనమూ డైరెక్టరూ చేసుకున్న ఒప్పందం. 1991లో వచ్చిన ఆదిత్య 369లో కృష్ణకుమార్ 1526కి వెళ్లి రాయలవారితో మామూలుగా మాట్లాడేస్తాడు, ఐదు శతాబ్దాల కిందటి తెలుగు నిజంగా వింటే మనకి సగం అర్థం కాదు, అయినా ఎవరం అడగలేదు, అడగం కూడా, ఎందుకంటే అడిగితే సింగీతం గారి సినిమా పోయి భాషాశాస్త్రం క్లాసు మొదలవుతుంది. అక్కడ భాష గురించి అడగడం రామాయణంలో పిడకల వేట.

ఐదోది "నాకు నచ్చలేదు". ఇందులో తప్పేం లేదు, కానీ దానికి లొసుగు అని పేరు పెట్టి తిరగొద్దు. పాసెంజర్స్‌లో అందరినీ నిద్రపుచ్చి 120 ఏళ్ల ప్రయాణం చేసే అంతరిక్ష ఓడలో హీరో 90 ఏళ్లు ముందే మెలకువ వచ్చేసి, ఏడాది పైగా ఒంటరిగా ఉండి పిచ్చెక్కి, నిద్రలో ఉన్న హీరోయిన్‌ని తనే లేపేస్తాడు. ఆ పని ఘోరం, ఆమె జీవితం పోయినట్టే. కానీ ఘోరమైన పని చేయడం లొసుగు కాదు, ఆ ఘోరాన్ని సినిమా ఎలా తీర్చింది అన్నదే అక్కడ అసలు వాదన, నా లెక్కలో సరిగ్గా తీర్చలేదు, చాలా తేలిగ్గా వదిలేసింది.

రెండో పని: మళ్లీ చూడండి, టైమ్ రాసుకోండి

గుర్తున్నదాన్ని నమ్మొద్దు. మనకి సినిమా గుర్తుండదు, సినిమా గురించి మనం చెప్పుకున్న మాటలు గుర్తుంటాయి. కాబట్టి ఆ సీన్ మళ్లీ పెట్టి, ముందు పది నిమిషాలు తర్వాత పది నిమిషాలు కూడా చూసి, ఎన్నో నిమిషంలో ఎవరు ఏ మాట అన్నారో ఫోన్‌లో నోట్ చేసుకోండి. ఎదుటివాడు "అలా ఎక్కడన్నాడు" అంటే సీన్ పెట్టి చూపించాలి, అంతే, అరవక్కర్లేదు.

మన తెలుగువాళ్లకి ఇంకో ఇబ్బంది ఉంది, డబ్బింగ్. పెదాల కదలికకి సరిపోవాలని మాట కుదించేస్తారు, టెక్నికల్ ముక్క ఏదన్నా ఉంటే దాని బదులు ఒక పంచ్ పెట్టేస్తారు. అందుకని డబ్బింగ్‌లో చూసి లొసుగు దొరికింది అనిపిస్తే ఒరిజినల్ ఆడియో పెట్టి ఆ సీన్ వరకైనా వినండి, సబ్‌టైటిల్ కూడా పూర్తిగా నమ్మకుండా. రజనీకాంత్ రోబో తమిళంలోనూ తెలుగులోనూ చూసి "నీ దాంట్లో అలా లేదు" "నా దాంట్లో ఉంది" అని గంట కొట్టుకున్న ఇద్దరు ఫ్రెండ్స్ నాకు తెలుసు, ఇద్దరూ కరెక్టే.

మూడో పని: ఆ సినిమా రూల్స్ కాగితం మీద పెట్టండి

టైమ్ ట్రావెల్ సినిమాలకి ఇది చేయకపోతే వాదనలో మునిగిపోతారు. స్థూలంగా మూడు రకాలు చాలు.

ఒకటి, గతం మారుతుంది, దాంతో నువ్వూ మారతావు. 1985 నాటి బ్యాక్ టు ది ఫ్యూచర్‌లో మార్టీ ఫోటోలో అన్నా అక్కా మెల్లగా మాయమైపోతుంటారు చూడండి, అదీ. రెండు, గతం మారదు, నువ్వు వెళ్లి చేసేదంతా ఎప్పుడో జరిగిపోయిందే. 1984 నాటి మొదటి టెర్మినేటర్‌లో జాన్ కానర్ భవిష్యత్తు నుంచి పంపించిన మనిషే అతనికి తండ్రి అవుతాడు, పంపకపోతే జాన్ పుట్టడు, జాన్ పుట్టకపోతే పంపేవాడు లేడు. మూడు, గతంలో వేలు పెడితే అది వేరే కొమ్మ అయిపోతుంది, నీ కొమ్మ అలాగే ఉంటుంది. 2019లో వచ్చిన అవెంజర్స్ ఎండ్‌గేమ్ ఈ మూడోది పట్టుకుని, బ్యాక్ టు ది ఫ్యూచర్ పేరు కూడా ఎత్తి మరీ అది తప్పు అని ఎగతాళి చేస్తుంది.

ఏ రకమో తేలకుండా వాదిస్తే ఒక సినిమా రూల్ తీసుకెళ్లి ఇంకో సినిమా నెత్తిన రుద్దుతాం. ఇంటర్‌స్టెల్లార్‌లో వార్మ్‌హోల్ (విశ్వంలో దగ్గరిదారి లాంటి సొరంగం) పెట్టింది భవిష్యత్తు మనుషులే, ఆ వార్మ్‌హోల్ లేకపోతే ఆ మనుషులే మిగలరు, అది ఎలా కుదురుతుంది అని చాలామంది అడుగుతారు. కోడి ముందా గుడ్డు ముందా లాంటిదే, తల తిరుగుతుంది నిజమే, కానీ సినిమా రెండో రకం రూల్ పెట్టుకుంది, అలమర వెనకాల ఉన్నది ఎవరో తెలిసిన క్షణం నుంచీ చివరిదాకా ఆ రూల్ తప్పలేదు. తల తిరగడం వేరు, లొసుగు వేరు.

బ్యాక్ టు ది ఫ్యూచర్ మీద ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఇంకోటుంది, గతంలోకి వెళ్లి అమ్మానాన్నల్ని కలిపింది మార్టీయే కదా, కొడుకు పెద్దయ్యాక వాడి ముఖం అచ్చం హైస్కూల్లో తమని కలిపిన కుర్రాడిలాగే ఉంటే అమ్మానాన్నలకి అనుమానం రాదా అని. లెక్క చూడండి, మార్టీ 1955లో ఉన్నది నవంబరు 5 నుంచి 12 వరకు, వారం. 30 ఏళ్ల కిందట ఒక్క వారం చూసిన క్లాస్‌మేట్ ముఖం మీకు ఎంత గుర్తుంది? నాకు ఇంటర్‌లో రెండేళ్లు పక్కన కూర్చున్నవాడే మొన్న బస్టాండులో పలకరిస్తే గుర్తు రాలేదు, పేరు అడగడానికి సిగ్గేసి మామూలుగా మాట్లాడి వచ్చేశా.

నాలుగో పని: లెక్క ఉంటే వేయండి

నోటితో చెప్పేదానికన్నా కాలిక్యులేటర్ తీస్తే వాదన గంట తగ్గుతుంది. నీళ్ల గ్రహం సంగతే చూద్దాం. ఏడేళ్లంటే సుమారు 61,320 గంటలు, అంటే అక్కడ ఒక్క సెకను ఇక్కడ 17 గంటలు. మిల్లర్ వాళ్లు బయల్దేరి పదేళ్లు, పదిని ఏడుతో భాగిస్తే 1.43 గంటలు, 86 నిమిషాలు, ప్రయాణానికి పట్టిన కాలం తీసేస్తే ఇంకా తక్కువ. వీళ్లు తిరిగి ఓడకి చేరేసరికి అక్కడే ఉండిపోయిన రోమిలీకి 23 ఏళ్ల 4 నెలలు గడిచాయి, అది 3 గంటల 20 నిమిషాలకి సరిపోతుంది, ఇంజిన్ ఆరడానికి పట్టిన టైమ్‌తో కలిపి చూస్తే నమ్మదగ్గ లెక్కే. అసలు గంటకి ఏడేళ్లు కుదురుతుందా అంటే, సినిమాకి సైన్స్ చూసిన కిప్ థార్న్ కూడా మొదట కుదరదనే అనుకున్నాడట, తర్వాత లెక్క వేస్తే బ్లాక్‌హోల్ దాదాపు గరిష్ఠ వేగంతో తన చుట్టూ తాను తిరుగుతుంటే, గ్రహం దానికి బాగా దగ్గరగా ఉంటే కుదురుతుందని తేలింది. ఆయనకే 2017లో గురుత్వ తరంగాల మీద చేసిన పనికి నోబెల్ వచ్చింది, కాబట్టి ఫిజిక్స్ మీద ఆయనతో పెట్టుకోవడం నా వల్ల కాదు.

లెక్క అయ్యాక మిగిలింది ఏంటి? సినిమాకి ఆ సంగతి తెలుసు, బ్రాండ్ నోట చెప్పించింది, అందిన సిగ్నల్ కూడా మొదట పంపిన ఒక్క కబురే మళ్లీ మళ్లీ మోగుతోందని చెప్పించింది. కాబట్టి లొసుగు కాదు. కానీ ఓడలో బోర్డు మీద గీతలు గీసి మరీ ప్లాన్ వేసినప్పుడు ఇంతమంది చదువుకున్నవాళ్లు ఒక్క భాగహారం చేయలేదు, అది మాత్రం అలాగే ఉంది. అంటే నా కంప్లయింట్ చావలేదు, వేరే గదిలోకి మారింది, కథలో బొక్క అన్నది కాస్తా ఈ మనుషులు ఇంత తేలిక తప్పు చేస్తారా అన్న ప్రశ్న అయింది. దానికి పద్ధతి వేరే ఉంది.

ఐదో పని: క్యారెక్టర్ ఎందుకలా చేశాడో నాలుగు ప్రశ్నలతో తోమండి

ఇది ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా ఇష్టమైన భాగం, అందరూ బాగా తప్పు చేసేది కూడా ఇక్కడే. సోఫాలో కూర్చుని కూల్‌డ్రింక్ తాగుతూ "నేనైతే అలా చేసేవాణ్ని కాదు" అంటాం. మనం చేసేవాళ్లం కాదు సరే, అతను చేసేవాడా అన్నది ప్రశ్న.

అడగాల్సినవి ఇవి: ఆ క్షణానికి అతనికి ఏం తెలుసు (మనకి తెలిసింది కాదు, అతనికి తెలిసింది), ఆలోచించుకోవడానికి ఎంత టైమ్ ఉంది, ఒళ్లు మనసు ఏ స్థితిలో ఉన్నాయి, ఇంతకుముందు ఇలాంటి చోట ఏం చేశాడు. నాలుగోది అన్నిటికన్నా బలమైనది.

అవెంజర్స్ ఇన్ఫినిటీ వార్‌లో స్టార్-లార్డ్‌ని తీసుకోండి. టైటన్ గ్రహం మీద ఇతని జట్టులోని మాంటిస్ విలన్ థానోస్‌ని నిద్రపుచ్చి పట్టుకుంది, మిగతావాళ్లు చేతి తొడుగు లాగేస్తున్నారు, ఇంకొక్క రెండు సెకన్లు, అప్పుడు తన ప్రియురాలు గమోరాని థానోస్ చంపేశాడని తెలిసి ఇతను ముఖం మీద వాయించేస్తాడు, థానోస్ లేస్తాడు, సగం విశ్వం బూడిద. 2018లో హాల్లో నా పక్కనున్నాయన ఇతన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. అందరూ అదే అన్నారు, ఇంత మూర్ఖుడా, కథ కోసం బలవంతంగా చేయించారు అని.

నాలుగో ప్రశ్న వేయండి. ఏడాది ముందు వచ్చిన గార్డియన్స్ ఆఫ్ ది గెలాక్సీ రెండో భాగంలో, ఈగో అనే తండ్రి, "మీ అమ్మ తలలో కణితి పెట్టింది నేనే" అనగానే ఇదే మనిషి ఏం చేశాడు? మళ్లీ ఆలోచించలేదు, ఎదురుగా ఉన్నవాడు దేవుడంతటివాడని లెక్కచేయలేదు, తుపాకీ తీసి కాల్చేశాడు. ఇష్టమైన ఆడమనిషిని చంపానని ఎవడన్నా చెప్తే ఇతను అక్కడికక్కడే పేలిపోతాడు, అప్పుడూ అంతే ఇప్పుడూ అంతే. పోనీ అప్పటికే 1,40,00,605 భవిష్యత్తులు చూసిన డాక్టర్ స్ట్రేంజ్ అక్కడే ఉన్నాడు, గెలిచేది ఒక్కదాంట్లోనే అని చెప్పినవాడు. కాబట్టి ఆ గుద్దు బుద్ధిలేని పనే, కానీ ఆ మనిషి చేసే పనే. తిట్టుకోండి, లొసుగు అని మాత్రం అనకండి.

ఇప్పుడు దీని పక్కన 2012 నాటి ప్రొమీథియస్ పెట్టండి. అందులో మిల్‌బర్న్ అనే బయాలజిస్టు ఉంటాడు, ఎప్పుడో చచ్చిపోయిన గ్రహాంతరవాసి శవం చూసి భయపడి నేను పోతా అని వెనక్కి తిరుగుతాడు. కాసేపటికి అదే మనిషి ముందు నల్ల గుంటలోంచి పాము లాంటిది బతికున్నది పడగెత్తి లేస్తే బుజ్జిగాడు అన్నట్టు చెయ్యి చాపి ముద్దు చేస్తాడు. శవానికి భయపడ్డవాడు పాముకి భయపడడా? వాడి జతగాడు ఫైఫీల్డ్ ఇంకా గొప్ప, గుహ మొత్తానికి మ్యాపు తీసే యంత్రాలు వదిలిందే ఆయన, దారి తప్పిందీ ఆయనే. ఇక్కడ నాలుగో ప్రశ్నకి జవాబు లేదు, ఉన్న జవాబల్లా రచయితకి వీళ్లిద్దరూ ఆ రాత్రి లోపల ఇరుక్కోవాలి, చావాలి. ఇది కథ కోసం మనిషిని మెడపట్టి తోయడం.

అదే సినిమాలో దొర్లుకుంటూ వస్తున్న ఓడ కింద వికర్స్ అనే ఆమె తిన్నగా పరిగెత్తి నలిగిపోవడం మీద పదేళ్లుగా జోకులు వేస్తున్నారు, పక్కకి జరగొచ్చుగా అని. నేను అక్కడ కొంచెం మెత్తబడతాను. రెండో ప్రశ్న, టైమ్ ఎంత ఉంది? సెకన్లు. మన రోడ్ల మీద లారీ హారన్ కొడితే పక్కకి జరగకుండా ముందుకే పరిగెత్తే మనుషుల్ని రోజూ చూస్తున్నాం. అయినా డైరెక్టర్ దాన్ని పైనుంచి అంత విశాలంగా చూపించకుండా ఉండాల్సింది, చూసేవాడికి పక్కనున్న ఖాళీ కనపడకపోతే ఎవడూ అడిగేవాడు కాదు.

ఈ లెక్కన నీళ్ల గ్రహం దగ్గర భాగహారం చేయనివాళ్ల సంగతి? తెలుసు, టైమ్ ఉంది, కంగారులో లేరు, వృత్తే అది. నాలుగిట్లో మూడు వాళ్లకి వ్యతిరేకం. కాబట్టి నేను ఇప్పటికీ తప్పు అనే అంటాను, కాకపోతే సమోసా ముందు అన్నంత గట్టిగా కాదు.

ఆరో పని: ఎదుటివాడి తరఫున మీరే వాదించి చూడండి

మీ పాయింట్ బయటపెట్టే ముందు దానికి ఎవడన్నా ఏం సర్దిచెప్తాడో మీరే ఆలోచించండి, ఆ సర్దుబాటుకి ఎన్ని "అనుకుందాం"లు కావాలో లెక్కపెట్టండి. ఒక్క అనుకుందాంతో పని జరిగిపోతే, అదీ సినిమాలో చూపించినదానికి ఆనుకుని ఉంటే, మీరు పట్టుకున్నది లొసుగు కాదు, ఖాళీ. మూడు నాలుగు అనుకుందాంలు కావాలంటే అప్పుడు మీరు గెలిచినట్టే.

ఒకసారి మా ఇంట్లో ఇది ఎలా జరిగిందో చెప్తాను, సంక్రాంతికి, డాబా మీద.

"బావా, ఒకటి చెప్పు. భూమ్మీంచి పైకి వెళ్లడానికి ఆ రేంజర్ ఓడకి ఇంత పెద్ద రాకెట్ కట్టారు. నీళ్ల గ్రహం మీద గురుత్వాకర్షణ మనకన్నా ఎక్కువ, 130 శాతం అని వాళ్లే చెప్పారు. అక్కణ్నుంచి మాత్రం రాకెట్ లేకుండా ఒంటరిగా ఎగిరిపోయింది. ఇదెలా?"

"ఇది కూడా సమోసాయేనా?"

"కాదు బావా, మూడుసార్లు చూశా."

"అయితే విను. సొంతంగా ఎగరగలదు, కానీ ఇంధనం ఖర్చవుతుంది. బయల్దేరేటప్పుడే ఖర్చుపెట్టుకోవడం ఎందుకని రాకెట్ మీద పంపారు. నీకు బుల్లెట్ బండి ఉన్నా ఊరెళ్లేటప్పుడు రైల్లో పార్సిల్ వేసి, అక్కడ దిగాక తిరగవా?"

"సినిమాలో అలా చెప్పలేదుగా."

"చెప్పలేదు. కానీ ఇంధనం చాలదు చాలదు అని సినిమా అంతా ఏడుస్తూనే ఉన్నారుగా, రెండు గ్రహాల్లో ఏది ఎంచుకోవాలి అన్న గొడవే దాని మీద నడిచింది. నేనేం గాల్లోంచి తేలేదు."

ఒకటే అనుకుందాం, అదీ సినిమాలో ఉన్నదానికే ఆనుకుని ఉంది. నేను సగం మార్కు ఇచ్చేశాను, ఎందుకంటే అంత గురుత్వాకర్షణలోంచి అంత చిన్న ఓడ అంత ఇంధనంతో కక్ష్యలోకి ఎలా వెళ్లిందన్న సైన్స్ ప్రశ్న అలాగే ఉంది. చూశారా, అది మళ్లీ వేరే గదిలోకి వెళ్లింది. మొదట చెప్పిన ఆ ఐదు గదులు ఇందుకే.

ఒక చిన్న జాగ్రత్త, అక్క మొగుడితో వాదించేటప్పుడు గెలిచినా మరీ గట్టిగా నవ్వకూడదు. ఇది సినిమాకి సంబంధించింది కాదు.

ఏడో పని: "డైరెక్టరే చెప్పాడు" అనే బ్రహ్మాస్త్రాన్ని తూకం వేయండి

వాదన మధ్యలో ఎవడో ఒకడు ఇంటర్వ్యూ క్లిప్పు తీస్తాడు. అక్కడితో అయిపోయింది అనుకోకండి. ఎండ్‌గేమ్ చివర్లో కెప్టెన్ అమెరికా గతంలోంచి తెచ్చిన మహిమ గల రాళ్లు తిరిగి ఇచ్చేసి వస్తానని వెళ్లి, టైమ్ మెషిన్ మీదికి రాకుండా సరస్సు పక్కన బల్ల మీద ముసలివాడై కూర్చుని కనిపిస్తాడు. సినిమా రూల్ ప్రకారం గతంలో ఉండిపోతే అది వేరే కొమ్మ, మరి ఇక్కడికెలా వచ్చాడు? డైరెక్టర్లు రూసో సోదరులు అన్నది, వేరే కొమ్మలో బతికి తర్వాత ఇటు వచ్చాడని. స్క్రిప్టు రాసిన మార్కస్, మెక్‌ఫీలీ అన్నది, కాదు, మొదట్నుంచీ ఇదే కాలంలో ఎక్కడో గుట్టుగా కాపురం చేసుకుంటూ ఉన్నాడని. తీసినవాళ్లకీ రాసినవాళ్లకీ కుదరలేదు, ఇంక మనకేం కుదురుతుంది. తెర మీద ఉన్నదే సాక్ష్యం, బయట చెప్పింది వాంగ్మూలం. రెండూ వింటాం, బరువు మాత్రం ఒకటి కాదు.

నన్నడిగితే డైరెక్టర్ల మాటే రూల్‌కి దగ్గరగా ఉంది, ఆ బల్ల మీద కూర్చున్న షాట్ మాత్రం రచయితల వైపే ఉంది. నిజమైన లొసుగుకి నా దగ్గరున్న మంచి నమూనా ఇదే.

తర్వాతి సినిమాలో అతుకు వేసేవాళ్లూ ఉంటారు. 1977 స్టార్ వార్స్‌లో డెత్ స్టార్ అనే అంత పెద్ద ఆయుధ స్టేషన్ రెండు మీటర్ల గొట్టంలో ఒక్క దెబ్బ తగిలితే పేలిపోతుంది, ఇంజినీర్లు అంత వెధవలా అని జనం దశాబ్దాలు నవ్వారు. 39 ఏళ్ల తర్వాత 2016లో రోగ్ వన్ వచ్చి, అది కావాలనే పెట్టారు, బలవంతంగా పనిచేయించుకున్న ఇంజినీరు పగ తీర్చుకున్నాడు అని చెప్పింది. అద్భుతమైన అతుకు, అతుకు కోసమే ఒక సినిమా తీసినంత పని. కానీ వాదనలో మీరు 1977 సినిమా గురించి మాట్లాడుతుంటే ఆ అతుకు చెల్లుతుందా లేదా అన్నది ముందే ఒప్పందం చేసుకోండి, మధ్యలో తెస్తే గొడవ.

చివరి పని: కోడిగుడ్డు మీద ఈకలు పీకే ముందు కోడిని కూడా లెక్కచూసుకోండి

చిన్న చిన్న తప్పులు పట్టుకోవడం సరదా, నేను కాదనను, కానీ పట్టుకున్నప్పుడు మన లెక్క ఎదుటివాడి లెక్క కన్నా గట్టిగా ఉండాలి. 2024లో కల్కి 2898 ఏడీ వచ్చినప్పుడు సినిమా కురుక్షేత్రంతో మొదలై 6,000 ఏళ్లు నడుస్తుందని నాగ్ అశ్విన్ చెప్పాడు, అంటే క్రీస్తుపూర్వం 3102కి 2898 కలిపితే ఆరు వేలు. భైరవ డబ్బు కోసం ఎవరినైనా అమ్మేసేవాడు కదా మనసు మారిందా లేదా, కర్ణుడు గొప్పా అర్జునుడు గొప్పా అని మావాళ్లంతా కొట్టుకుంటుంటే నేను తీరిగ్గా రెండు పాయింట్లు రాసుకుని బావకి పంపించా, ఓడితే బిర్యానీ అని పందెం కట్టి మరీ.

మొదటిది, మన కాలెండర్లో సున్నా సంవత్సరం లేదు, క్రీస్తుపూర్వం 1 అయ్యాక వెంటనే క్రీస్తుశకం 1, కాబట్టి వచ్చేది 5,999. రెండోది, 3102 అనేది కలియుగం మొదలైన ఏడాది, భారతంలో యుద్ధం అయ్యాక 36 ఏళ్లకి గాంధారి శాపం తగిలి యాదవులు పోతారు, కృష్ణుడు పోయాకే కలి వస్తాడు, అంటే యుద్ధం 3138లో అవ్వాలి, సినిమా 36 ఏళ్లు మింగేసింది. నేను బాగా పొంగిపోయిన సాయంత్రం అది.

మా బావ రెండు గంటలు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక రాతి శాసనం ఫోటో వచ్చింది. కర్ణాటకలో ఐహోళె గుడి గోడ మీద రవికీర్తి అనే కవి చెక్కించినది, చాళుక్య రెండో పులకేశి కాలంది, శకం 556 అంటే మన లెక్కలో 634. అందులో భారత యుద్ధం అయ్యి 3,735 ఏళ్లు గడిచాయని రాసుంది. వెనక్కి లెక్కపెట్టుకుంటే, నేను చెప్పిన ఆ సున్నా లేని పద్ధతిలోనే, యుద్ధం సరిగ్గా 3102లో పడుతుంది. పదమూడొందల తొంభై ఏళ్ల కిందటే యుద్ధానికీ కలికీ ఒకే ఏడాది లెక్కవేసినవాళ్లు ఉన్నారన్నమాట, నాగ్ అశ్విన్ ఒక్కడే కాదు.

36 ఏళ్ల పాయింట్ పోయింది, 5,999 పాయింట్ నిలబడింది. బిర్యానీ డబ్బులు చెరిసగం పెట్టుకున్నాం, ఆయన తనవాటా పంపిస్తూ కింద ఒక సమోసా బొమ్మ పెట్టాడు.